రోజూ 2100 క్యాలరీలే లాగ్ చేస్తున్నా, మూడు వారాలుగా బరువు కదలట్లేదు

కొత్తలిఫ్టర్:
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ మీరంతా రాసేవి చదువుతూ వచ్చాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి. వయసు 27, ఎత్తు 175 సెం.మీ., బరువు 84 కిలోలు. ఏడాదిన్నరగా వారానికి నాలుగు రోజులు జిమ్‌కి వెళ్తున్నాను, మిగతా టైమంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం. పొట్ట దగ్గర కొవ్వు తగ్గించుకుందామని కట్ (ఖర్చయ్యేదానికన్నా తక్కువ క్యాలరీలు తినడం) మొదలుపెట్టాను. క్యాలరీల యాప్‌లో వివరాలన్నీ ఇస్తే మెయింటెనెన్స్, అంటే బరువు పెరగకుండా తగ్గకుండా ఉండటానికి రోజుకు కావాల్సినవి, 2800 అని చూపించింది, దాంట్లోంచి 700 తీసేసి 2100కి పెట్టుకున్నాను. మూడు వారాలైంది. ఒక్క రోజు కూడా లాగ్ చేయడం మానలేదు, ఒక్క రోజు కూడా 2100 దాటలేదు. బరువు మొదటి రోజు 84.2, ఇవాళ 84.3. మధ్యలో ఒకసారి 83.4 చూసి సంతోషపడితే రెండు రోజులకే 85 అయింది. నా మెటబాలిజం పాడైపోయిందా? ఇంకో 400 తగ్గించి 1700కి దిగిపొమ్మంటున్నాడు జిమ్‌లో ఫ్రెండ్. నిజంగా చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలో చెప్పండి.

తూకంరాయి:
తమ్ముడూ, 1700కి ఇప్పుడే దిగకు. ముందు ఆ 2800 ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం. చాలా యాప్‌లు వాడేది 1990లో వచ్చిన మిఫ్లిన్-సెయింట్ జియోర్ సూత్రం. మగవాళ్లకైతే బరువును 10తో, ఎత్తును 6.25తో హెచ్చవేసి రెండూ కలిపి, అందులోంచి వయసుకు ఐదు రెట్లు తీసేసి, చివర 5 కలపాలి. నీకు 1804 వస్తుంది. ఏ పనీ చేయకుండా పడుకునే ఉన్నా శరీరం ఖర్చుపెట్టేది ఇంచుమించు అంత. ఇక్కడివరకు ఇబ్బంది లేదు. తర్వాత యాప్ నిన్ను "ఎంత చురుగ్గా ఉంటారు" అని అడుగుతుంది చూడు, తప్పు జరిగేది అక్కడే. వారానికి నాలుగు రోజులు జిమ్ అనగానే నువ్వు "మధ్యస్థం" నొక్కి ఉంటావు, అది 1.55తో హెచ్చవేసి 2800 చేసింది. కానీ రోజుకు గంట జిమ్ పోతే మిగతా ఇరవై మూడు గంటలూ కూర్చోవడమో పడుకోవడమో అయినప్పుడు 1.375 దగ్గర పెట్టుకోవడం మేలు. అప్పుడు నీ మెయింటెనెన్స్ 2480 అవుతుంది. అంటే నువ్వు అనుకున్న 700 లోటు మొదటి రోజే 380కి పడిపోయింది.

అయినా 380 లోటుంటే మూడు వారాల్లో కిలో దాకా తగ్గాలి. తగ్గలేదంటే రెండో కారణం కూడా ఉంది. నిన్నటి రోజు మొత్తం ఏం తిన్నావో ఇక్కడ రాయి. యాప్ చూపించే మొత్తం నాకు అక్కర్లేదు, ప్రతిదీ ఎలా కొలిచావో కావాలి.

బరువులబండి:
నేను ఇరవై ఏళ్లకు పైగా బరువులెత్తుతున్నాను. రెండుసార్లు బాడీబిల్డింగ్ పోటీల్లో స్టేజీ ఎక్కాను. మా రోజుల్లో యాప్ లేదు, తూకం లేదు. అద్దం, నడుముకి కట్టుకునే బెల్టు రంధ్రం, ఈ రెండే మా లెక్క. రోజూ అదే తిండి అదే టైముకి తినేవాళ్లం, బెల్టు వదులవ్వకపోతే అన్నం ఒక గరిటె తగ్గించేవాళ్లం. ఇప్పటి పిల్లలు కంచం ముందు ఫోన్ పట్టుకుని కూర్చోవడం చూస్తే బాధగా ఉంటుంది. తిండి అనేది అంకె కాదు తమ్ముడూ.

వంటగదిలెక్క:
అన్నా, మీ మాటలోనే జవాబుంది. "రోజూ అదే తిండి అదే టైముకి" అన్నారు కదా, అదీ ట్రాకింగే. రోజూ ఒకేలా తినేవాళ్లకి తూకం అక్కర్లేదు, తేడా వస్తే దేన్ని తగ్గించాలో వాళ్లకి తెలుస్తుంది. ఈ అబ్బాయికి అది తెలియట్లేదు, అందుకే అంకె కావాలి.

కొత్తలిఫ్టర్:
థాంక్స్ అన్నా, థాంక్స్ అక్కా. నిన్నటి రోజు ఇదిగో. ఉదయం ఓట్స్ 60 గ్రాములు, పాలు 250 మి.లీ., రెండు చెంచాల పీనట్ బటర్. మధ్యాహ్నం అన్నం 80 గ్రాములు, చికెన్ బ్రెస్ట్ 150, కూరగాయలు. సాయంత్రం వే ప్రోటీన్ ఒక స్కూప్, అరటిపండ్లు రెండు. రాత్రి గుడ్లు మూడు, బ్రెడ్, మళ్లీ కొంచెం చికెన్, పెరుగు. చెంచాలతో కొలిచింది పీనట్ బటర్ ఒక్కటే, మిగతావన్నీ తూకం వేసినవే. ప్రోటీన్ 110 దగ్గర వస్తోంది.

వంటగదిలెక్క:
మధ్యాహ్నం 80 గ్రాములు అన్నావు. తూచింది ఉడకకముందా, ఉడికాకా?

కొత్తలిఫ్టర్:
ఉడకకముందే అక్కా. బియ్యం తూచి నేనే వేరుగా వండుకుంటాను.

వంటగదిలెక్క:
యాప్‌లో ఏ ఎంట్రీ ఎంచుకున్నావు?

కొత్తలిఫ్టర్:
"అన్నం, తెల్లది" అని ఉంటుంది. 100 గ్రాములకు 130 క్యాలరీలు.

వంటగదిలెక్క:
ఒకటి దొరికింది. 130 అన్నది ఉడికిన అన్నానికి. పొడి బియ్యం 100 గ్రాముల్లో దాదాపు 360 ఉంటాయి. ఉడికినప్పుడు నీళ్లు పీల్చుకుని బరువు రెండున్నర, మూడు రెట్లవుతుంది, క్యాలరీలు మాత్రం అవే. నువ్వు 80 గ్రాముల బియ్యం తిని 104 రాసుకున్నావు, నిజానికి లోపలికి వెళ్లింది 288. ఒక్క పూటకే 184 తేడా.

చికెన్ దీనికి సరిగ్గా తిరగబడుతుంది. వేడికి నీళ్లు బయటికి పోయి ముక్క చిన్నదవుతుంది. పచ్చి బ్రెస్ట్ 100 గ్రాముల్లో 120 క్యాలరీలు, 22 గ్రాముల పైన ప్రోటీన్. అదే వండాక 100 గ్రాములు తూస్తే 165 క్యాలరీలు, 31 గ్రాముల ప్రోటీన్. నువ్వు ఎప్పుడు తూచినా నాకు అభ్యంతరం లేదు, పచ్చిది తూస్తే పచ్చి ఎంట్రీ, వండింది తూస్తే వండిన ఎంట్రీ. ఈ రెండూ కలగాపులగం అయితేనే మొత్తం లెక్క పోతుంది. ఇంతకీ చికెన్ దేంట్లో వేయిస్తున్నావు? నీ లిస్టులో నూనె ఎక్కడా కనపడలేదు.

కొత్తలిఫ్టర్:
నూనె రాయలేదు అక్కా. మూకుడులో కొంచెమే పోస్తాను, అదేం లెక్కలే అనుకున్నాను.

వంటగదిలెక్క:
పెద్ద చెంచా నూనె అంటే దాదాపు 14 గ్రాములు, 120 క్యాలరీలు. కొవ్వు గ్రాముకి 9 క్యాలరీలు, పిండిపదార్థం, ప్రోటీన్ గ్రాముకి 4. అందుకే కంటికి కొంచెంగా కనిపించే నూనె, వెన్న, గింజలు అన్నిటికన్నా ఎక్కువ మోసం చేస్తాయి. కూరగాయలు వంద గ్రాములు ఎక్కువ తిన్నా నీ రోజు మారదు. నూనె ఇరవై గ్రాములు ఎక్కువైతే మారిపోతుంది. సీసాని తూకం మీద పెట్టి, పోసే ముందు ఎంతుందో పోశాక ఎంతుందో చూడు.

రేపు పొద్దున ఇంకో పని చెయ్యి. పీనట్ బటర్ డబ్బాని మూత తీసి తూకం మీద పెట్టు. సున్నా బటన్ నొక్కు. ఇప్పుడు రోజూ తీసినట్టే రెండు చెంచాలు తియ్యి, తక్కువ తీయాలని చూడకు. తూకం మీద మైనస్‌లో ఒక అంకె వస్తుంది. నువ్వు తిన్నది అంత. ఆ అంకె ఇక్కడ పెట్టు.

తూకంరాయి:
అక్క చెప్పింది చెయ్యి. ఈలోగా ఒక మాట. ఇవన్నీ చూసి నువ్వు అబద్ధం చెప్పావనో, బద్ధకస్తుడివనో అనుకోకు. 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. "1200 లోపే తింటున్నాం, అయినా తగ్గట్లేదు" అని చెప్పిన ఊబకాయం ఉన్నవాళ్లని తీసుకుని, వాళ్ల శరీరం నిజంగా ఎంత ఖర్చుపెడుతోందో, ఎంత తింటున్నారో కొలిచారు. మెటబాలిజం మామూలుగానే ఉంది. తిన్నదాంట్లో సగటున 47 శాతం తక్కువ చెప్పారు, చేసిన శ్రమని 51 శాతం ఎక్కువ చెప్పారు. వాళ్లు కావాలని దాచలేదు, నిజంగానే అంతే తింటున్నామని నమ్మారు. మనిషి కంటి అంచనా అలాగే ఉంటుంది. తూకం కొన్నది అందుకే.

కొత్తలిఫ్టర్:
అక్కా, పొద్దున్నే చేశాను. మొదటి చెంచాకి మైనస్ 24 చూపించింది, అప్పటికి బాగానే ఉందనుకున్నా. రెండో చెంచా గుండ్రంగా కొండలా వచ్చింది, అంచుల నుంచి జారుతోంది కూడా. తూకం మైనస్ 51 దగ్గర ఆగింది. లేబుల్ మీద రెండు చెంచాలంటే 32 గ్రాములు, 190 క్యాలరీలు అని ఉంది. నేను తింటున్నది 300. చెంచాకి అంటుకున్నది నాకేశాను కూడా, అది ఇంతవరకు లెక్కలోకే రాలేదు.

మొత్తం కూడితే అన్నంలో 184, పీనట్ బటర్‌లో 110, నూనె 120. అంటే 414! 2100 అనుకుంటూ రోజూ 2500 పైన తింటున్నాను. తూకంరాయి అన్న చెప్పిన 2480కి ఇది సరిగ్గా సరిపోయింది. మూడు వారాలుగా నేను కట్‌లో లేను, మెయింటెనెన్స్‌లో ఉన్నాను.

తూకంరాయి:
అదీ సంగతి. మెటబాలిజం పాడవ్వలేదు. ఇప్పుడు 1700కి దిగి ఉంటే ఏమయ్యేదో ఆలోచించు. అదే తప్పు లెక్కతో నిజానికి 2100 తినేవాడివి, బరువు తగ్గేది, "నాకు 1700 అయితేనే తగ్గుతుంది" అని జీవితాంతం నమ్మేవాడివి.

మాక్రోలు, అంటే ప్రోటీన్, కొవ్వు, పిండిపదార్థం వాటాలు కూడా సరిచేసుకో. 110 ప్రోటీన్ నీకు తక్కువ. 2018లో మోర్టన్ బృందం 49 అధ్యయనాలు, 1800 మందికి పైగా మనుషుల లెక్కలు కలిపి చూస్తే, కండ పెరగడానికి కిలో బరువుకి 1.6 గ్రాములు దాటాక సగటున అదనపు లాభం కనిపించలేదు. కొందరికి 2.2 దాకా పనికిరావచ్చు. నీకు 1.6 అంటే 134. కట్‌లో ఉన్నప్పుడు కండ కరగకుండా చూసుకోవాలి, కడుపు నిండుగానూ ఉండాలి, కాబట్టి 150 పెట్టు. అది 600 క్యాలరీలు. కొవ్వు 65 గ్రాములు, 585 క్యాలరీలు. మిగిలిన 915 పిండిపదార్థానికి, అంటే 229 గ్రాములు. మొత్తం 2100. ప్రోటీన్ అంకె రోజూ తప్పకుండా అందుకో, మొత్తం క్యాలరీల అంకె తప్పకుండా అందుకో. కొవ్వు, పిండిపదార్థం మధ్య ఒక రోజు పది గ్రాములు అటూ ఇటూ అయినా ఏమీ కాదు. 

రాత్రి అన్నం తింటే కొవ్వవుతుందా అని ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్తున్నా, రోజు మొత్తం సరిపోతే టైముతో కొవ్వు పెరగదు.

కొత్తలిఫ్టర్:
అర్థమైంది అన్నా. ఇంకో డౌట్. నా వాచీ జిమ్ అయ్యాక 500, 600 క్యాలరీలు ఖర్చయ్యాయని చూపిస్తుంది. యాప్ వాటిని కలిపి "ఇంకా తినొచ్చు" అంటుంది. తినాలా?

తూకంరాయి:
తినకు, ఆ సెట్టింగే ఆపెయ్యి. 2017లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఏడు రకాల వాచీలను పరీక్షించారు. గుండె వేగం చాలావరకు బాగానే పట్టుకున్నాయి. క్యాలరీల లెక్కలో మాత్రం అన్నిటికన్నా మంచిది కూడా సగటున 27 శాతం తప్పింది, అన్నిటికన్నా చెత్తది 93 శాతం. పైగా 1.375తో హెచ్చవేసినప్పుడే నీ జిమ్ అందులో కలిసింది, మళ్లీ కలిపితే ఒకే పనిని రెండుసార్లు లెక్కపెట్టినట్టు.

రాత్రిషిఫ్ట్:
నా కథ రివర్స్. బరువు 61, రోజుకు 3200 తింటున్నా పెరగట్లేదు. ఇప్పుడు మీరు చెప్పినట్టే అన్నీ తూకం వేసి చూశాను, నిజంగానే 3100, 3200 మధ్య వస్తోంది. మరి నాకేంటి? ఫార్ములా ప్రకారం 2600కే సరిపోవాలి.

తూకంరాయి:
కొందరి శరీరం అలాగే ఉంటుంది. 1999లో జేమ్స్ లెవీన్ బృందం సైన్స్ పత్రికలో ఒక పరిశోధన అచ్చువేసింది. 16 మందికి ఎనిమిది వారాలు రోజూ అవసరానికి మించి 1000 క్యాలరీలు పెట్టారు, అందరికీ ఒకేలా. ఒకరికి పెరిగిన కొవ్వు 0.36 కిలోలు, ఇంకొకరికి 4.23 కిలోలు. తేడా ఎక్కడినుంచి వచ్చిందంటే వ్యాయామం కాని కదలికల నుంచి. కాలు ఊపడం, కూర్చున్నవాడు లేచి నిలబడటం, ఫోన్ మాట్లాడుతూ అటూ ఇటూ తిరగడం. దాన్నే నీట్ అంటారు. నువ్వు ఎక్కువ తింటే నీకు తెలియకుండానే శరీరం ఎక్కువ కదులుతోంది. 3200 దగ్గర రెండు వారాలు సగటు కదలకపోతే నీ మెయింటెనెన్స్ 3200, ఫార్ములా ఏం చెప్పినా సరే. ఇంకో 250 కలుపు. నమలాల్సినవి కాకుండా పాలు, ఓట్స్, అరటిపండు కలిపి తాగేలా చేసుకుంటే సులువు.

రాత్రిషిఫ్ట్:
కాలు ఊపడం నిజమే అన్నా. ఇది టైప్ చేస్తున్నప్పుడు కూడా ఊపుతున్నాను. చిన్నప్పటి నుంచి తిట్లు తింటున్నాను దీనికి.

కొత్తలిఫ్టర్:
ఆరు రోజులైంది, అన్నీ గ్రాముల్లోనే రాస్తున్నాను. నిన్నటికి 83.6 వచ్చింది. రాత్రి ఇంట్లో ఫంక్షన్, అక్కడ తిన్నది అంచనాగా రాశాను, 2900 దాకా అయింది. ఇవాళ పొద్దున 85.2. ఒక్క రాత్రిలో 1.6 కిలోలు! వారం కష్టం పోయినట్టేనా?

వంటగదిలెక్క:
కొంచెం ఊపిరి పీల్చుకో. కిలో కొవ్వు అంటే ఇంచుమించు 7700 క్యాలరీలు. 1.6 కిలోల కొవ్వు పెరగాలంటే నీ మెయింటెనెన్స్ కాకుండా 12,000 పైన తినాలి. తిన్నావా? లేదు. నువ్వు మెయింటెనెన్స్ దాటింది 400 మాత్రమే, అంటే కొవ్వుగా లెక్కేస్తే 50 గ్రాములు. మిగతాదంతా నీళ్లు, ఉప్పు, ఇంకా పొట్టలోనే ఉన్న తిండి. కండలో పిండిపదార్థం గ్లైకోజన్‌గా నిల్వ అయినప్పుడు ఒక్కో గ్రాముతో దాదాపు మూడు గ్రాముల నీళ్లు కూడా చేరతాయి. మూడు రోజుల్లో దిగిపోతుంది, నువ్వేం చేయనక్కర్లేదు. ముఖ్యంగా ఇవాళ పస్తు ఉండకు.

రోజూ లేవగానే, బాత్రూంకి వెళ్లొచ్చాక, ఏమీ తాగకముందు తూగు. ఆ ఏడు అంకెల సగటు తీసి, పోయిన వారం సగటుతో పోల్చు. ఒక రోజుని ఇంకో రోజుతో పోల్చకు.

ఉదయపునడక:
ఈ మాట అమ్మాయిలకి ఇంకా ముఖ్యం. నెలసరి ముందు నాకు కిలో, కిలోన్నర దాకా పెరుగుతుంది, అది నీరే. ఈ వారాన్ని పోయిన వారంతో పోలిస్తే పిచ్చెక్కుతుంది. పోయిన నెలలో ఇదే వారంతో పోల్చుకోవాలి.

ఇంకోటి చెప్పాలి, ఇది అక్కాచెల్లెళ్లెవరైనా చదువుతుంటే వాళ్ల కోసం. పోయినేడు నేను 58 కిలోలు, శరీరంలో కొవ్వు 22 శాతం. 1400 తింటూ రోజూ జిమ్‌లో 300 దాకా ఖర్చుపెట్టేదాన్ని. లాగ్ తప్పుల్లేకుండా ఉండేది, ప్రోటీన్ గ్రాముతో సహా సరిపోయేది, నాకు చాలా గర్వంగా ఉండేది. నాలుగు నెలలు నెలసరి రాలేదు. జిమ్‌లో అందరూ "కట్‌లో మామూలే" అన్నారు. మామూలు కాదు. డాక్టరు దగ్గరికి వెళ్తే ముందు తిండి గురించే అడిగారు. కొవ్వు పోగా మిగిలిన నా బరువు 45 కిలోలు. తిన్నదాంట్లోంచి వ్యాయామానికి పోయింది తీసేస్తే 1100, దాన్ని 45తో భాగిస్తే కిలోకి 24 వస్తుంది. ఇది 30 కన్నా తక్కువగా ఎక్కువ కాలం ఉంటే శరీరం పునరుత్పత్తి, ఎముకలు, హార్మోన్ల మీద ఖర్చు తగ్గించుకుంటుంది. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టింది, ఇది మగవాళ్లకీ వస్తుంది. నేను నెమ్మదిగా 1900కి పెంచాను. నెలసరి తిరిగి రావడానికి మూడు నెలలు పట్టింది. యాప్‌లో ఆకుపచ్చ గీతలు నిండుతుంటే అంతా బాగుందనుకోకండి, శరీరం చెప్పేది కూడా రాసుకోండి.

వంటగదిలెక్క:
ఇది రాసినందుకు చాలా థాంక్స్ అమ్మా. ఈ చర్చ మొత్తంలో ఇదే అందరూ చదవాల్సింది.

బరువులబండి:
నెలసరి ఆగితే మామూలే అని మా జిమ్‌లో కూడా అనేవాళ్లు. నేనూ అని ఉంటాను. ఇకమీదట అనను.

ఒంటరిసెట్:
ఇక్కడ రాయొచ్చో లేదో తెలియదు. నేను రెండేళ్లుగా ట్రాక్ చేస్తున్నాను. మొదట్లో చాలా ఉపయోగపడింది, పది కిలోలు తగ్గాను. ఇప్పుడు తూకం లేని చోట తినలేకపోతున్నాను. స్నేహితులు భోజనానికి పిలిస్తే ఏదో వంక చెప్పి మానేస్తున్నాను. మొన్న మా అమ్మ నా కంచంలో ఇంకొంచెం వడ్డించింది. ఎంత వేసిందో తెలియక చేతులు వణికాయి, అరిచేశాను. అమ్మ ఏం మాట్లాడలేదు, గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. పడుకున్నాక కూడా రేపటి అంకెలే కూడుతుంటాను.

ఉదయపునడక:
రాయొచ్చు, రాసి మంచి పని చేశావు. నువ్వు చెప్పింది చిన్న విషయం కాదు, నీ తప్పూ కాదు. 1944, 45లో మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యంగా ఉన్న యువకులకి ఆరు నెలలు సగం తిండే పెట్టారు. వాళ్లకి తిండి తప్ప ఇంకో ఆలోచన లేకుండా పోయింది, వంట పుస్తకాలు పోగుచేసుకుని చదివేవాళ్లు. శరీరానికి తక్కువైతే మనసు అలాగే పట్టుకుంటుంది. కొన్నాళ్లు యాప్ తీసెయ్యి. తినే రుగ్మతల గురించి తెలిసిన డాక్టరుతోనో, సైకాలజిస్టుతోనో మాట్లాడు, ఇవాళే అపాయింట్‌మెంట్ తీసుకో. అమ్మకి కూడా చెప్పు. ఆవిడ అర్థం చేసుకుంటుంది.

బరువులబండి:
బాబూ, ట్రాక్ చేయకుండా కూడా కండ నిలబెట్టుకోవచ్చు, దానికి నేనే సాక్ష్యం. ప్రతి పూటా అరచేతి అంత మాంసమో గుడ్లో, పిడికెడు అన్నం, రెండు గుప్పిళ్ల కూరగాయలు, బొటనవేలంత నూనె. చెయ్యి ఎప్పుడూ నీతోనే ఉంటుంది. ముందు డాక్టరు దగ్గరికి వెళ్లు, తర్వాత ఎప్పుడైనా నాకు మెసేజ్ పెట్టు, ట్రైనింగ్ గురించి మాట్లాడుకుందాం.

ఒంటరిసెట్:
యాప్ తీసేశాను. చాలా భయంగా ఉంది. గురువారానికి అపాయింట్‌మెంట్ దొరికింది. అందరికీ థాంక్స్.

తూకంరాయి:
గురువారం వెళ్లొచ్చాక ఒక మాట రాయి తమ్ముడూ.

తూకం వేసే మిగతావాళ్లకి కూడా ఒకటి చెప్పాలి. గ్రాము గ్రామూ తూచినా ఆ క్యాలరీల అంకె పూర్తిగా నిజం కాదు. ఈ 4, 4, 9 లెక్క వంద ఏళ్ల కిందట ఆట్‌వాటర్ అనే శాస్త్రవేత్త వేసిన సగటు. 2012లో బాదంపప్పు మీద కొలిచి చూస్తే 28 గ్రాముల్లో ఈ లెక్క ప్రకారం 170 ఉండాలి, శరీరానికి నిజంగా అందింది 129. మిగతాది గింజ కణాల్లోనే ఉండిపోయి బయటికి వెళ్లిపోయింది. అయినా పర్వాలేదు. రోజూ ఒకే తప్పు చేస్తే ఆ తప్పు లెక్కలో కలిసిపోతుంది. బరువు సగటు తగ్గకపోతే 150 తగ్గిస్తావు, అంతే. ఒక రోజు కొలిచి ఒక రోజు అంచనా వేసేవాడికే దారి దొరకదు.

యాప్‌లో ఎవరో పెట్టిన ఎంట్రీలని నమ్మే ముందు కూడి చూడండి. ప్రోటీన్ 20, కొవ్వు 8, మొత్తం 90 క్యాలరీలు అని ఒకటి చూశాను. 20 నాలుగులు 80, 8 తొమ్మిదులు 72, మొత్తం 152 కావాలి. పది శాతం అటూ ఇటూ అయితే వదిలెయ్యొచ్చు, ఇది వదిలేసేది కాదు.

కొత్తలిఫ్టర్:
అక్కా, ఇప్పుడు ఇంట్లో అందరికీ కలిపే వండుతున్నారు, నాకు వేరుగా వండటం కుదరట్లేదు. ఒకే గిన్నెలోంచి తీసుకుంటే నా వాటా ఎలా తెలుస్తుంది?

వంటగదిలెక్క:
ఖాళీ గిన్నెని ఒకసారి తూచి, ఆ బరువు గిన్నె అడుగున మార్కర్‌తో రాసి పెట్టు. బియ్యం 400 గ్రాములు వేశారనుకో, 1440 క్యాలరీలు. ఉడికాక గిన్నెతో సహా తూచి, గిన్నె బరువు తీసెయ్యి. 1120 వచ్చిందనుకో. నీ కంచంలో 220 పెట్టుకుంటే 1440ని 1120తో భాగించి 220తో హెచ్చవెయ్యి, 283 వస్తుంది. నీళ్లు ఎక్కువైనా తక్కువైనా ఈ లెక్క తప్పదు. నూనె వేసి వండినవాటికీ ఇదే పద్ధతి, మొత్తం నూనె ముందే కలిపి రాసుకోవాలి. రెండు రోజులు విసుగనిపిస్తుంది, మూడో రోజు నుంచి నిమిషం పని. మా ఇంట్లో గిన్నెలన్నిటి కిందా అంకెలే, అత్తగారు కూడా అలవాటు పడిపోయారు.

ఒంటరిసెట్:
గురువారం వెళ్లొచ్చాను. ప్రతి వారం రమ్మన్నారు. నిన్న రాత్రి అమ్మే వడ్డించింది, మొత్తం తిన్నాను.

ఉదయపునడక:
చాలా చాలా సంతోషం.

కొత్తలిఫ్టర్:
నాలుగు వారాలు పూర్తయ్యాయి, అందుకే మళ్లీ వచ్చాను. ఫంక్షన్ బరువు అక్క చెప్పినట్టే మూడో రోజుకి దిగిపోయింది. సరిగ్గా కొలవడం మొదలుపెట్టినప్పుడు సగటు 84.1, ఈ వారం సగటు 82.6. ఒకటిన్నర కిలో. స్క్వాట్ 110 కిలోల దగ్గర అయిదు రెప్స్ ఇంకా అలాగే ఉంది, తగ్గలేదు. లెక్క కూడా వేశాను అన్నా, 1.5ని 7700తో హెచ్చవేసి 28 రోజులతో భాగిస్తే రోజుకి 412 లోటు. 2100కి కలిపితే నా మెయింటెనెన్స్ 2510. మీరు మొదటి రోజు చెప్పిన 2480కి 30 తేడా.

తూకంరాయి:
భలే తమ్ముడూ. మొదటి వారంలో పోయినదాంట్లో కొంత నీరు ఉంటుంది కాబట్టి నిజం 2450 దగ్గర ఉండొచ్చు, ఇంకో నెలకి తేలుతుంది. ఫార్ములాని మర్చిపో, ఇక ఇదే నీ అంకె. వారానికి బరువులో అర శాతం నుంచి ఒక శాతం లోపు తగ్గుతున్నంతకాలం 2100ని కదపకు. నీది ఇప్పుడు సరిగ్గా అర శాతం దగ్గర ఉంది, బాగుంది.

కొత్తలిఫ్టర్:
అలాగే అన్నా. పీనట్ బటర్ మానలేదు, ఇప్పుడు రోజూ మైనస్ 20 దగ్గర ఆపుతున్నాను. చెంచా నాకేది కూడా అందులోనే కలిసి వస్తోంది.

రాత్రిషిఫ్ట్:
నాకు 3450 దగ్గర కదిలింది, మూడు వారాల్లో 700 గ్రాములు.